గిలిగిచ్చ మీది చుక్కల పురుగును ఇంట్లో పెంచడం ఎలా?

వానలు మొదలైతే చాలు, నా ఫోన్‌కి ఒకే రకం ఫోటోలు వస్తాయి. తెల్లటి చిన్న పురుగు, రెక్కల మీద ఎర్ర చుక్కలు, వాటి మధ్య నల్ల చుక్కలు. ఒకటి కళింగపట్నం ఇసుకలో తీసింది, ఒకటి చింతపల్లి బీచ్ దగ్గర సరుగుడు తోటలో తీసింది, ఇంకొన్ని జనుము చేలో తీసినవి. కింద రెండే ప్రశ్నలు. "ఇదేం పురుగు?" ఒకటి. "దీని గొంగళిని సీసాలో పెట్టాను, నాలుగో రోజుకి చచ్చిపోయింది, ఎందుకు?" రెండోది. మొదటిదానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పొచ్చు. రెండోదాని కోసమే ఇంత రాస్తున్నాను.

ఇది సీతాకోకచిలుక కాదు, మాత్. మన రైతులు రెక్కల పురుగు అంటారు, నేనూ అదే అంటాను. శాస్త్రీయ నామం యుటెథీసా పుల్కెల్లా. 1758లో లిన్నేయస్ పెట్టిన పేరులోని 'పుల్కెల్లా'కి లాటిన్‌లో చిన్నగా, ముద్దుగా ఉన్నదని అర్థం. రెక్కలు చాపితే మూడు నాలుగు సెంటీమీటర్లు. ఎండిన నేల, ఇసుక నేల, బీడు అంటే దీనికి ఇష్టం. ఆఫ్రికా ఎడారి అంచుల్లోనూ ఉంటుంది, మన సముద్రపు ఇసుక దిబ్బల మీదా ఉంటుంది. గాలి కలిసొస్తే ఇంగ్లండ్ దాకా ఎగిరిపోయిన సందర్భాలున్నాయి. అంత దూరం పోగలిగిన పురుగు మీ సీసాలో నాలుగు రోజులు బతకలేదంటే తప్పు సీసాదే.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక

ఈ పురుగు తినే గిలిగిచ్చ, జనుము జాతి మొక్కల్లో లివర్‌ని దెబ్బతీసే విషం ఉంటుంది, గింజల్లో మరీ ఎక్కువ. గొంగళి దాన్ని తిని ఒంట్లో దాచుకుంటుంది. పక్షులు దీని జోలికి పెద్దగా రాకపోవడానికి కారణం అదే. 1970లలో సర్గుజా జిల్లాలో (ఇప్పుడది ఛత్తీస్‌గఢ్‌లో ఉంది) సామల్లో గిలిగిచ్చ జాతి గింజలు కలిసిపోయి, ఆ అన్నం తిన్నవాళ్లకు లివర్ చెడి ప్రాణాలు పోయాయి. మన ఏజెన్సీలోనూ సామలు పండిస్తారు కాబట్టి ఈ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఇంటికి తెచ్చిన కాయలు, గింజలు వంటింటి వైపు పోకూడదు. చిన్నపిల్లలు కాయల్ని గిలకల్లా ఊపుతూ ఆడుకుంటారు, నోట్లో పెట్టుకోకుండా చూడండి. మిగిలిన రెమ్మల్ని మేకలకు వేయకండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. అంతకుమించి టెన్షన్ పడక్కర్లేదు.

కావలసినవి

- వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు రెండు. స్వీట్ షాపు డబ్బా సరిపోతుంది, కానీ మూత వాడం.
- పాత నూలు చీర ముక్క లేదా దోమతెర గుడ్డ, రబ్బరు బ్యాండ్లు
- పాత న్యూస్‌పేపర్
- మెత్తటి పెయింటింగ్ బ్రష్, సున్నా నంబరుది
- ఇంజక్షన్ మందు వచ్చే చిన్న గాజు సీసా, దూది
- జల్లించి ఎండబెట్టిన ఇసుక రెండు గుప్పెళ్లు, ఎండుటాకులు
- కత్తెర, కాగితపు సంచులు
- ఒక నోటుబుక్కు

భూతద్దం ఉంటే మంచిది, లేకపోతే ఫోన్ కెమెరాని జూమ్ చేయండి. నోటుబుక్కుని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. తేదీలు రాయనివాళ్లే నెల తర్వాత "ప్యూపా అయ్యి ఎన్నాళ్లయిందో గుర్తులేదండీ, చచ్చిందా బతికుందా" అని అడుగుతారు. (ప్యూపా అంటే గొంగళి మేత మానేసి, రెక్కల పురుగుగా మారేదాకా గూట్లో ఉండే దశ.)

1. ముందు మొక్కను పట్టుకోండి

పురుగు కోసం వెతకొద్దు. మొక్క దొరికితే పురుగు దానంతటదే దొరుకుతుంది.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వెతకాల్సిన చోట్లు మూడు. సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బలు మొదటిది: వంశధార కలిసే కళింగపట్నం, చంపావతి కలిసే కోనాడ, బారువ, భావనపాడు వైపు జీడితోటల గట్లు. రెండోది రోడ్ల పక్క, చెరువు గట్ల మీద, ఖాళీ స్థలాల్లో ఉండే బీడు. మూడోది జనుము చేలు.

మొక్కను గుర్తుపట్టడానికి కాయే ఆధారం. బుడగలా ఉబ్బి, ఎండాక ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. ఊదా రంగు పూలు, పలకలు తేలిన కాండం, వెడల్పాటి ఆకు ఉంటే అది గిలిగిచ్చ. పసుపు పూలు, కొస మొద్దుగా ఉన్న ఆకు ఉంటే దాని దాయాది. మూడేసి ఆకులు కలిసి ఉండి, పసుపు పూల మీద ఎర్రటి గీతలుంటే ఇంకో దాయాది. ఈ పురుగుకి అన్నీ పనికొస్తాయి. జనుము మీకు తెలిసిందే, నిటారుగా పెరిగి సన్నటి ఆకు వేసి పసుపు పూలు పూస్తుంది. ఇవేవీ దొరక్కపోతే చెరువు గట్టున తేలు కొండిలా వంగిన పూగుత్తితో ఉండే నాగదంతిని చూడండి. దాని మీద కూడా ఇది పెరుగుతుంది.

పసుపు పూలు కనిపించగానే తంగేడు దగ్గరో తగిరిస దగ్గరో ఆగిపోయేవాళ్లు చాలామంది. వాటి కాయ ఉబ్బదు. ఇంకొందరు జీలుగ మీద గంటలు గంటలు వెతుకుతారు. పచ్చిరొట్టకి జనుము, జీలుగ రెండూ వేస్తారు కాబట్టి తికమక సహజమే. జీలుగ కాయ సన్నగా, పొడుగ్గా పుల్లలా ఉంటుంది. ఈ పురుగు కోసం అయితే జీలుగ దగ్గర టైం వేస్ట్.

జనుము చేలో వెతికేవాళ్లకి ఇంకో సంగతి. పచ్చిరొట్టకి వేసిన జనుమును పూత వేళకి, అంటే సుమారు నలభై అయిదు రోజులకి, దున్ని కలిపేస్తారు. ట్రాక్టర్ దిగాక ఏమీ మిగలదు. చేను గలాయనని అడిగి ఆలోపే వెళ్లండి. అడగడం మాత్రం మర్చిపోవద్దు. ఒకసారి నేను అడక్కుండా దిగితే గట్టు మీంచి ఒక ముసలాయన కేకేశాడు.

"ఏటి బాబూ, జనుంలో ఏటి ఎతుకుతున్నావు?"

"పురుగుల్ని, తాతా. ఇంటికి తీసుకెళ్లి పెంచుదామని."

"పురుగుల్ని సంపడానికి మేం మందులు కొంటంటే, నువ్వు పెంచుతావేటి!"

అని నవ్వి, తనే రెండు గొంగళ్లను ఆకుతో సహా తెంపి ఇచ్చాడు. ఏ సాళ్లో ఎక్కువున్నాయో ఆయనకి నాకంటే బాగా తెలుసు.

2. గొంగళిని వెతకండి

పొద్దున్న ఆరున్నర నుంచి తొమ్మిది లోపు వెళ్లండి. ఎండ ముదిరితే గొంగళ్లు ఆకు కిందకి, కాయల మధ్యకి పోతాయి, మీకూ ఓపిక పోతుంది.

మొక్కల మధ్య నెమ్మదిగా నడవండి. తెల్లటి పురుగు కాళ్ల ముందు లేచి, నాలుగడుగులు ఎగిరి, మళ్లీ గడ్డిలో పడిపోతే మీరు సరైన చోటే ఉన్నారు. వాలినప్పుడు రెక్కల్ని ఒంటికి చుట్టేసుకుని సన్నటి బీడీలా కనిపిస్తుంది. దాని వెంట పరుగెత్తకండి. అది లేచిన చోట వంగి మొక్కను చూడండి.

వరసగా ఇవి చూడండి:

- లేత ఆకు మీద పొర గీకేసినట్టు తెల్లగా కనిపించే మచ్చలు. ఇది పిల్ల గొంగళి పని.
- పచ్చి కాయకి గుండ్రటి కన్నం. ఇది ఎదిగిన గొంగళి పని. తల లోపల పెట్టి గింజలు తింటూ వెనక భాగం బయట వదిలేసి కనిపిస్తుంది, దొంగతనంగా గాదెలో దూరినవాడిలా.
- ఆకుల మీద, కాయల మొదట్లో నల్లటి రెట్టల గుళికలు. తడిగా మెరుస్తుంటే పురుగు దగ్గర్లోనే ఉంది. పొడిగా రాలిపోతుంటే అక్కడినుంచి వెళ్లిపోయింది.
- ఆకు మీద గసగసాల కంటే చిన్నగా, లేత పసుపు రంగులో గుండ్రటి గుడ్లు.

3. అదేనా కాదా, అక్కడే తేల్చుకోండి

ఎదిగిన గొంగళి మూడు సెంటీమీటర్ల లోపే ఉంటుంది. ఒళ్లు ముదురు బూడిద రంగు, వీపు మీద పొడవునా తెల్లటి చార, కణుపు కణుపుకీ నారింజ-ఎరుపు మచ్చలు, నల్లటి బొడిపెలు, వాటి మీద పలచగా వెంట్రుకలు. "పలచగా" అనే మాట గుర్తుంచుకోండి. కంబళి కప్పుకున్నట్టు ఒత్తుగా వెంట్రుకలుంటే అది వేరే జాతి. వేరుశెనగ చేలను గుల్ల చేసే ఎర్ర గొంగళి ఫోటో పెట్టి ఇదేనా అని అడిగేవాళ్లుంటారు. కాదు. ఒత్తు వెంట్రుకలున్నదాన్ని ఏదైనా సరే వట్టి చేత్తో ముట్టుకోవద్దు, కొన్ని జాతుల వెంట్రుకలు గుచ్చుకుంటే దద్దుర్లు లేస్తాయి.

అదే గిలిగిచ్చ కాయల్లో మరో ఇద్దరు కూడా కాపురం ఉంటారు. ఒకటి ఆకుపచ్చగా, వెంట్రుకల్లేకుండా, బల్లపరుపుగా నత్తలా జారే గొంగళి. అది బఠాణీ నీలి సీతాకోకది. రెండోది అర్గినా అనే రెక్కల పురుగు గొంగళి. చిక్కంతా దీంతోనే. ఇదీ నల్లగా, మచ్చలతో, పలచటి వెంట్రుకలతో ఉంటుంది, చిన్నప్పుడు రెంటికీ తేడా పట్టడం నాకే కష్టం. దిగులు పడకుండా పెంచండి. రెక్కలొచ్చాక తెల్ల రంగు మీద ఎర్ర, నల్ల చుక్కలుంటే మనది. ఒళ్లంతా నారింజ రంగై, తెల్లటి గుండ్రాల మధ్య నల్ల చుక్కలుంటే అర్గినా. పెంచే పద్ధతి రెంటికీ ఒకటే.

ఇంకో పొరపాటు కూడా చెప్పాలి. ఎండిన గిలిగిచ్చ, నాగదంతి రెమ్మల మీద నీలి చారల సీతాకోకలు గుంపుగా వాలి ఉంటాయి. గుడ్లు పెడుతున్నాయనుకుని ఆ రెమ్మలు తెంపుకొస్తారు. అవి ఎక్కువగా మగవి. మొక్కలోని ఆ విషం కోసమే వచ్చి పీలుస్తున్నాయి, దాంతోనే ఆడదాన్ని ఆకర్షించే వాసన తయారు చేసుకుంటాయి. ఆ రెమ్మల మీద వాటి గుడ్లు దొరకవు.

4. ఇంటికి తీసుకురండి

నాలుగైదు చాలు. ముప్ఫై తెచ్చినవాళ్లకి ముప్ఫైకీ మేత తేవడం మూడో రోజుకే విసుగొస్తుంది.

గొంగళిని వేళ్లతో పీకొద్దు. అది ఉన్న ఆకునో కాయనో కత్తెరతో తెంపి కాగితపు సంచిలో వేయండి. అదే మొక్క రెమ్మలు నాలుగు వేరే సంచిలో పెట్టుకోండి. ప్లాస్టిక్ కవర్లో వేసి బైక్ డిక్కీలో పెడితే శ్రీకాకుళం చేరేలోపు ఉడికిపోతాయి. ఏ చోట, ఏ మొక్క, ఏ తేదీ, ఇవి మూడూ సంచి మీదే రాసేయండి. ఇంటికెళ్లాక రాద్దామనుకుంటే కళింగపట్నానిది కోనాడది అవుతుంది.

మందు కొట్టిన చేను నుంచి తేవద్దు. పక్క చేలో పత్తో వంగో ఉంటే, దాని మీద కొట్టిన మందు గాలికి జనుము మీద కూడా పడుతుంది. అది కూడా అడిగి తెలుసుకోండి.

5. డబ్బా సర్దండి

అడుగున న్యూస్‌పేపర్ రెండు మడతలు. ఇంజక్షన్ సీసాలో నీళ్లు పోసి, రెమ్మ కాడ దింపి, మూతి చుట్టూ దూది గట్టిగా కుక్కండి. ఈ దూది విషయంలో బద్ధకిస్తే గొంగళి కాడ వెంట కిందకి దిగి నీళ్లలో పడి చస్తుంది. నేను మొదట్లో పోగొట్టుకున్న రెండూ ఇలా పోయినవే. సీసా మీద నమ్మకం లేకపోతే నీళ్లు మానేసి, రోజుకి రెండుసార్లు తాజా రెమ్మ పెట్టండి, అదీ నడుస్తుంది.

డబ్బా మూతి మీద నూలు గుడ్డ పరిచి రబ్బరు బ్యాండ్ వేయండి. ప్లాస్టిక్ మూతకి కన్నాలు పొడిచి పెట్టడం అందరూ చేసే పని, అదే పెద్ద తప్పు. పది కన్నాలు పొడిచినా తేమ బయటకు పోదు. గోడల మీద చెమ్మ పట్టి, రెట్టలకు బూజు పట్టి, గొంగళి మెత్తబడి నల్లగా కారిపోతుంది. మొదట్లో చెప్పిన నాలుగో రోజు చావు ఇదే. ఇది ఇసుక నేల పురుగు. దీనికి ఆకలి కంటే చెమ్మే పెద్ద శత్రువు.

డబ్బా గోడని ఉదయం చేత్తో తడిమి చూడండి. లోపలి వైపు పొడిగా ఉంటే సరే. చెమ్మ తగిలితే రెమ్మలు తగ్గించి, పేపర్ మార్చి, గుడ్డ ఇంకా పలచటిది వేయండి.

డబ్బా ఎక్కడ పెట్టాలి? ఎండ నేరుగా తగలని, గాలి ఆడే చోట. చీమలు రాకుండా నీళ్లు పోసిన పళ్లెంలో ఒక గిన్నె బోర్లించి, దాని మీద డబ్బా పెట్టండి. చీమల చాక్‌పీస్ గీయకండి, దాని పొడి పడితే గొంగళి కూడా చస్తుంది.

ఇక దోమల మందు. ఇది నా సొంత అనుభవం. ఒక అక్టోబరులో తొమ్మిది గొంగళ్లను బాగా పెంచుకొచ్చాను, ఒకటి రెండు రోజుల్లో ప్యూపా కట్టేవే. ఆ రాత్రి దోమలు ఎక్కువగా ఉన్నాయని గదిలో దోమల మందు లిక్విడ్ మెషిన్ పెట్టారు. తెల్లారేసరికి తొమ్మిదీ పేపర్ మీద పడి ఉన్నాయి. ఒళ్లు మెలికలు తిరిగిపోయి, నోటి దగ్గర ఆకుపచ్చ రసం. ఒకటి మాత్రం కాళ్లు ఇంకా కొట్టుకుంటోంది. దోమల మందు పనిచేసేదే పురుగుల నరాల మీద, దానికి దోమ, గొంగళి అనే తేడా ఉండదు. కాబట్టి మెషిన్, కాయిల్, స్ప్రే ఏది వాడినా ఆ గదిలో డబ్బా వద్దు. దోమతెర కట్టుకోండి, లేదా డబ్బాని వరండాలో పెట్టండి.

6. మేత

ఏ మొక్క మీద దొరికిందో అదే మొక్క పెట్టండి. గిలిగిచ్చ మీద దొరికిందానికి మధ్యలో నాగదంతి పెడితే కొన్ని తింటాయి, కొన్ని పస్తుంటాయి. ప్రయోగం చేయాలనిపిస్తే రెండు ఆకులూ పక్కపక్కన పెట్టి దానికే వదిలేయండి.

పిల్ల గొంగళ్లకి లేత ఆకు, సగం ఎదిగాక ఆకుతో పాటు పచ్చి కాయ. కాయను కొంచెం చీల్చి పెడితే గింజలు తినడం కనిపిస్తుంది, పిల్లలకు చూపించడానికి బాగుంటుంది. ఎండిన కాయలు వద్దు. రెమ్మల్ని కడిగితే నీడలో పూర్తిగా ఆరాకే పెట్టండి. తెచ్చిన రెమ్మల్ని తడిపి పిండిన గుడ్డలో చుట్టి మట్టికుండ పక్కన పెడితే రెండు రోజులు నిలుస్తాయి. ఫ్రిజ్‌లో పెట్టకండి, చెప్పానుగా, వంటింటి వైపు వద్దు.

మేత మార్చేటప్పుడు గొంగళిని ఆకు మీంచి లాగొద్దు. పాత ఆకుని కొత్త రెమ్మకి ఆనించి వదిలేయండి, వాడిపోయే కొద్దీ అదే మారుతుంది. మరీ అవసరమైతే బ్రష్‌తో తల ముందు తాకండి, బ్రష్ ఎక్కేస్తుంది.

7. రోజూ చేసే పని

పది నిమిషాలు చాలు. పేపర్ మార్చాలి, రెట్టలు తీసేయాలి, వాడిన ఆకు తీసేసేముందు దాని రెండు వైపులా చూడాలి. చెత్తతో పాటు గొంగళిని పారేసిన మహానుభావులెందరో.

ఒక గొంగళి రోజంతా కదలకుండా, తినకుండా, తల కొంచెం ఉబ్బినట్టు కూర్చుంటే జబ్బు చేసిందనుకోవద్దు. కుబుసం విడుస్తోంది. ఆ సమయంలో కదిలిస్తే కాళ్లు పట్టు తప్పి పాత చర్మంలోనే ఇరుక్కుపోతుంది. అది కూర్చున్న ఆకు ఎండిపోయినా సరే, అలాగే వదిలేయండి.

రెట్టలు పొడిగా, గట్టి గుళికల్లా ఉంటే ఆరోగ్యం బాగున్నట్టు. జిగురుగా, నీళ్లగా ఉంటే చెమ్మ ఎక్కువైంది, లేదా ఆకు కుళ్లింది. అలాంటిదాన్ని వెంటనే రెండో డబ్బాలోకి మార్చండి. రెండు డబ్బాలు చెప్పింది అందుకే.

8. ప్యూపా కట్టే వేళ

వేడిని బట్టి గుడ్డు మూడు నుంచి అయిదు రోజుల్లో పొదుగుతుంది. గొంగళిగా రెండు నుంచి నాలుగు వారాలు, ప్యూపాగా ఇంచుమించు ఒకటి నుంచి రెండు వారాలు ఉంటుంది. చలికాలంలో అన్నీ సాగుతాయి. సంక్రాంతి రోజుల్లో ఆలస్యమైతే కంగారు పడకండి.

బాగా ఎదిగిన గొంగళి ఉన్నట్టుండి మేత మానేసి డబ్బా గోడల వెంట గిరగిరా తిరగడం మొదలుపెడుతుంది. ఆకలనుకుని ఇంకా ఆకులు కుక్కకండి. ఆకులు తీసేసి, అడుగున రెండు వేళ్ల మందాన పొడి ఇసుక, దాని మీద ఎండుటాకులు వేయండి. అది ఆకుల మధ్య దూరి, పలచటి దారాలతో చిన్న గూడు అల్లుకుని అందులో ప్యూపా అవుతుంది. పట్టుపురుగు గూడులా గట్టిగా ఉంటుందని ఊహించుకోకండి. సాలెగూడు ముక్క పట్టినట్టుంటుంది, అంతే.

మొదటి మూడు రోజులు ముట్టుకోవద్దు. ప్యూపా అప్పుడు మెత్తగా ఉంటుంది, వేలు తగిలినా చితుకుతుంది. చాలామంది చూడాలన్న ఆత్రంతో తవ్వి చూసి పాడు చేసేది ఈ దశలోనే.

బతికుందో లేదో అనుమానం వస్తే, నాలుగో రోజు తర్వాత బ్రష్ కొసతో తోక వైపు తాకండి. నడుము అటూ ఇటూ ఆడిస్తే బతికున్నట్టు. కదలకపోయినా పారేయకండి, అన్నిసార్లూ ఆడించవు. చేతికి తేలిగ్గా పేలపు గింజలా తగిలి, నొక్కితే డొల్లగా ఉంటే మాత్రం పోయినట్టే.

9. రెక్కలొచ్చే రోజు

ప్యూపా కట్టిన వారం దాటాక డబ్బాలో ఒక గరుకు పుల్ల ఏటవాలుగా నిలబెట్టండి, లేదా గోడకి నూలు గుడ్డ ముక్క అంటించండి. బయటికొచ్చిన పురుగు రెక్కలు అప్పుడు ముడతలు పడిన తడి కాగితంలా ఉంటాయి. అది పైకి ఎక్కి, రెక్కలు కిందకి వేలాడేసి, వాటిలోకి ద్రవం పంపి విప్పుకోవాలి. నున్నటి ప్లాస్టిక్ గోడ మీద పట్టు దొరక్క జారి పడితే రెక్కలు ముడతలతోనే గట్టిపడిపోతాయి. "వంకర రెక్కలతో పుట్టింది" అని మీరు పంపే ఫోటోలు చాలావరకు ఈ పుల్ల పెట్టకపోవడం వల్లే.

రెక్కలు విప్పుకోవడం చూశాక కూడా రెండు మూడు గంటలు కదిలించొద్దు.

10. ఫలితం సరిచూసుకోండి

ముందు రెక్కలు పాలమీగడ తెలుపు, వాటి మీద ఎర్ర చుక్కలు, నల్ల చుక్కలు. వెనక రెక్కలు తెలుపు, అంచున వంకరటింకర నల్ల పట్టీ. ఇవి చూస్తే యుటెథీసా అని ధైర్యంగా రాసుకోవచ్చు. పుల్కెల్లా అని పూర్తి పేరు రాయడానికి మాత్రం తొందరపడొద్దు. అచ్చం ఇలాగే ఉండే లోట్రిక్స్ అనే దాయాది కూడా మన దేశంలో ఉంది. ఫోటోలో చుక్కలు లెక్కపెట్టి ఇద్దర్నీ విడదీయడం నమ్మదగ్గ పని కాదు, లోపలి అవయవాలు చూసి తేల్చాలి. అందుకే నా నోటుబుక్కులో చాలా చోట్ల యుటెథీసా అని ఒక్క ముక్కే ఉంటుంది. దాని పక్కన ఏ మొక్క తిందో రాసి ఉంటుంది. చదివేవాడికి నిజంగా పనికొచ్చే సమాచారం అదే.

రెక్కల పురుగుకి బదులు ఈగో సన్నటి కందిరీగో బయటికొస్తే? లేదా గొంగళి వీపు మీద బియ్యపు నూకల్లాంటి తెల్ల గూళ్లు కనిపిస్తే? మీరేం తప్పు చేయలేదు. చేలో ఉన్నప్పుడే పరాన్నజీవి దాంట్లో గుడ్లు పెట్టింది. దాన్నీ ఫోటో తీసి తేదీ వేసి రాయండి. గుడ్డు దశ నుంచి ఇంట్లోనే పెంచితే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది.

ఒక చిన్న పిట్టకథ చెప్పి ముగింపు పనికి వస్తాను. దీని అమెరికా దాయాది ఒకటుంది, యుటెథీసా ఆర్నాట్రిక్స్. కార్నెల్ యూనివర్సిటీలో థామస్ ఐస్నర్, జెరాల్డ్ మైన్‌వాల్డ్ దాని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ పురుగు పెద్ద సాలీడు గూట్లో పడితే సాలీడు దగ్గరకొచ్చి చూసి, తినకుండా, చుట్టూ దారాలు తెంపి వదిలేస్తుందట. మగది తన విషంలో కొంత ఆడదానికి ఇస్తుంది, ఆడది దాన్ని గుడ్లలోకి పంపుతుంది. మన గిలిగిచ్చ కాయలో తల దూర్చిన గొంగళి చేస్తున్న పనీ అదే, పుట్టబోయే పిల్లలకి కూడా కలిపి తింటోంది.

11. వదిలిపెట్టడం

రెక్కలు గట్టిపడ్డాక సాయంత్రం వేళ, తెచ్చిన చోటే వదలండి. ఆ రోజు వెళ్లడం కుదరకపోతే ఒక బొట్టు పంచదార నీళ్లలో ముంచిన దూది పెట్టి ఒకట్రెండు రోజులు ఉంచొచ్చు, అంతకు మించి వద్దు. విత్తనం కోసం పెంచుతున్న జనుము చేలో మాత్రం వదలకండి, ఆ రైతుకి ఇది కాయల్లో గింజలు తినేసే పురుగే. ఇసుక దిబ్బ మీద గిలిగిచ్చ బోలెడుంది.

వదిలేటప్పుడు పిల్లలు "సీతాకోక ఎగిరిపోయింది" అని అరుస్తారు. మాత్ అని దిద్దబోయి ఒకసారి ఊరుకున్నాను. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటి మా జీడితోటల్నీ కొబ్బరితోటల్నీ నేలకూల్చిన తుపాను పేరు తిత్లీ. ఆ మాటకి అర్థం సీతాకోకచిలుకే. ఆ పేరుకి పిల్లలు ఇలా చప్పట్లు కొడుతుంటే నాకు బాగానే అనిపించింది.

డబ్బాలో జత కట్టి, గుడ్డ మీదే గుడ్లు పెట్టేస్తే ఏం చేయాలని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. గుడ్లను గీకొద్దు, రాలవు, చితుకుతాయి. గుడ్లున్నంత మేర గుడ్డని కత్తెరతో కత్తిరించి, గిలిగిచ్చ లేత కొమ్మకి చిన్న గుండుసూదితో గుచ్చి రండి. చీమలు లేని కొమ్మ చూసుకోండి. గుడ్లు పొదిగాక వెళ్తే గుడ్డ ముక్క చుట్టూ ఆకుల మీద తెల్లటి గీకుళ్లు కనిపిస్తాయి.